డెబ్భై రెండో వంద తర్వాత

వీధిలో ఆయన్ని అందరూ చుట్టలాయన అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మాట విని, పొగాకు చుట్టలు గుప్పుగుప్పుమని ఊదే మనిషనుకుంటారు. పాపం, ఆయన పుట్టి బుద్ధెరిగాక బీడీ ముక్క కూడా ముట్టలేదు. కాలిపోయిన ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు, మిక్సీలు తెచ్చిస్తే లోపల మాడిన రాగితీగ పీకేసి కొత్త తీగ చుట్టివ్వడం ఆయన పని. పదహారో ఏట మేనమామ దగ్గర చేరాడు. మేనమామ పోయాక షాపు తనదైంది. ఇప్పుడు యాభై ఎనిమిది. కింద షాపు, పైన ఇల్లు. మెట్ల మీద సగం దూరం దాకా వార్నిష్ వాసన వెంటపడి వస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ షాపు వేరే అవతారం ఎత్తుతుంది. షట్టరు సగానికి దించి, మోటార్లన్నీ గోడవారకు నెట్టి, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. బేస్ గిటార్ పిచ్చివాళ్ళ సభ మొదలవుతుంది.

దీన్ని మొదలుపెట్టింది లిఫ్టు మెకానిక్. పన్నెండేళ్ళ క్రితం ఆయన తన పాత బేస్ గిటార్ పట్టుకొచ్చి, "అన్నా, దీని పికప్ చచ్చిపోయింది. ఎవరూ ముట్టుకోమంటున్నారు" అన్నాడు. పికప్ అంటే తీగల కింద ఉండే చిన్న డబ్బీ. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన తీగ వణికితే దానికి వినపడుతుంది. అది యాంప్లిఫయర్‌కి చెబుతుంది. చుట్టలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మారు మాట్లాడకుండా చుట్టిచ్చాడు. లిఫ్టు మెకానిక్ అక్కడే వాయించి చూసుకుని, కుర్చీలోంచి లేవలేదు. తర్వాతి ఆదివారం లెక్కల టీచర్ని వెంటబెట్టుకొచ్చాడు. రిటైరైనా ఆవిడ గొంతులో ఇంకా సుద్దముక్క విసిరే స్వరం పోలేదు. కాలేజీ రోజుల్లో ఆడపిల్లల బ్యాండులో బేస్ వాయించిందట.

వాళ్ళిద్దరూ చేరితే ఇక కబుర్లకి అంతుండదు.

"నా మొదటి బేస్ తలుపు చెక్కతో చేశాను. తీగలు దొరక్కపోతే సైకిల్ బ్రేకు తీగ బిగించాను. మూడు పాటలు వాయిస్తే వేళ్ళు ఊడొచ్చేవి" అనేవాడు లిఫ్టు మెకానిక్.

"నాది ఓడలో వంటవాడి దగ్గర కొన్నాం. మెడ వంకర. ఆ వంకరకి నా భుజం వంకరపోయింది కానీ దాని మెడ మాత్రం తిన్నగా కాలేదు" అనేది టీచర్.

ఆ కాలపు రాక్ పాటల్లో ఏ పాటకి బేస్ ప్రాణం, ఏ పాటలో డ్రమ్ములవాడు బేస్‌ని మింగేశాడు, ఏ రికార్డు రెండో వైపు గీతపడితే తాము ఆ గీతతో సహా నేర్చుకున్నారు, ఇవే కబుర్లు. "మనం వాయిస్తున్నంతసేపూ ఎవడికీ వినపడదు. ఆపి చూడు, 'ఇదేంటీ, పాట బోసిపోయింది' అంటాడు" అని నవ్వుకునేవాళ్ళు. చుట్టలాయన కూడా నవ్వేవాడు. తన సంగతులు చెప్పేవాడు కాదు. వాయించేవాడూ కాదు. చేతిపనివాడు, వినడం ఇష్టం, అంతే కాబోలు అనుకున్నారు వాళ్ళు.

పోయిన వానాకాలంలో పళ్ళ డాక్టరొకాయన కొత్తగా చేరాడు. నలభై లోపు మనిషి, మెత్తటి మాట. రెండో ఆదివారం ఒక పాత బేస్ పట్టుకొచ్చాడు. ఒకప్పుడు ఎర్రరంగు. ఇప్పుడు అంచులు నల్లబడి, వెనక వార్నిష్ పొలుసుల్లా లేచిపోయింది, నీళ్ళలో నానిన చెక్కలా.

"మా పేషెంటొకాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చాడు అంకుల్. వాయిస్తే బాగానే ఉంది. కానీ వాయించనప్పుడే..." అని ఆగాడు.

"వాయించనప్పుడు?"

"ఏదో గొణుగుతుంది. మా అమ్మాయి ఆ గదిలోకి వెళ్ళనంటోంది."

లిఫ్టు మెకానిక్ పకపకా నవ్వాడు. "రేడియో పట్టుకుంటుంది డాక్టరు గారూ! పాత పికప్‌లకి మామూలే. మా దాంట్లో వార్తలు వచ్చేవి."

చుట్టలాయన కూడా అదే అన్నాడు. తీగ మీద మైనం సరిగ్గా పట్టకపోతే లోపలి చుట్లు వదులై, పికప్ మైకులా పనిచేస్తుందనీ, గదిలో మాటలు కూడా దానికి వినపడతాయనీ చెప్పాడు. కరిగించిన మైనంలో ముంచితే నోరు మూసుకుంటుందన్నాడు. అంటూనే స్క్రూలు విప్పి పికప్‌ని పైకి తీశాడు.

దాని చుట్టూ నల్ల టేపు ఉంది. టేపు ఒకచోట లేచిపోయి, కింద తెల్ల నూలుదారం కట్టు కనపడుతోంది. పికప్‌లు చేసేవాళ్ళెవరూ అలా దారం కట్టరు. అది ఫ్యాను మోటారుకి కట్టే కట్టు. ముడి ఎడమ చేతివాటం ముడి.

చుట్టలాయనది ఎడమ చేతివాటం.

ఆయన దాన్ని మళ్ళీ గుంటలో పెట్టేసి, స్క్రూలు బిగించి, "ఒకసారి విందాం" అన్నాడు. గొంతు తేడాగా ఉందని టీచర్ తలెత్తి చూసింది.

యాంప్ పెట్టారు. మొదట హమ్మని మామూలు గుర్రు. తర్వాత ఆ గుర్రు అడుగున, గోడ అవతల గదిలోంచి వచ్చినట్టు, ఒక ఆడగొంతు. మాటలు కావు. టీచర్ వంగి చెవి దగ్గర పెట్టింది.

"లెక్క పెడుతోంది" అంది నెమ్మదిగా.

తొంభై ఆరు, తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద. కాసేపు ఆగి, "అరవై నాలుగు" అంది గొంతు. ఆ వెంటనే గోడ మీద సుద్దతో గీత గీసిన చప్పుడు. కిర్రుమని. మళ్ళీ ఒకటి, రెండు, మూడు.

"ఏ స్టేషన్లోనో అంకెల పాఠం" అన్నాడు లిఫ్టు మెకానిక్. నవ్వలేదు. యాంప్ ఆపేశారు. అయిదు నిమిషాలాగి టీచర్ మళ్ళీ ఆన్ చేసింది. ఎక్కడ ఆపారో అక్కడినుంచే, ఒక్క అంకె పోకుండా, పదిహేడు, పద్దెనిమిది అంటూ సాగింది. రేడియో అయితే మన కోసం ఆగదు. ఆ సంగతి నలుగురికీ తెలుసు.

"ఒక వారం నా దగ్గర ఉంచండి" అన్నాడు చుట్టలాయన.

ఆ వారం ఆయన దాన్ని ముట్టుకోలేదు. గోనెపట్టా కప్పి మూలన పెట్టాడు. ఫ్యాన్లు చుడుతూ ఉన్నా చూపు అటే పోయేది. భార్య పైనుంచి రెండుసార్లు అన్నానికి పిలిస్తే మూడోసారికి పలికేవాడు.

ఆ గొంతు ఆయన అక్కది.

అక్క ఆయనకంటే ఆరేళ్ళు పెద్ద. పొడుగ్గా, ఎప్పుడూ ఎవరితోనో పందెం కాసినట్టు నడిచేది. ఆడపిల్లకి అంత లావు వాయిద్యం ఏమిటని అమ్మ ఎంత మొత్తుకున్నా వినకుండా, ముగ్గురు మగపిల్లలతో కలిసి బ్యాండు కట్టింది. హోటళ్ళలో, కాలేజీల్లో రాక్ పాటలు వాయించేవాళ్ళు. ఒకసారి ఆ బేస్ పికప్ పోయింది. కొత్తది దొరకదు. "మన మామ షాపులో చుడదాం రా చిన్నోడా" అంది.

షాపులో చేత్తో తిప్పే వైండింగ్ మిషన్ ఉండేది. దాని చుట్ల కౌంటరు విరిగిపోయింది. అందుకని ఇతను తిప్పుతుంటే అక్క పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టేది. వంద కాగానే ఎన్నో వందో చెప్పి గోడ మీద సుద్దతో ఒక గీత. తొంభై వందలు కావాలి. మధ్యలో ఇతను నోరు తెరిస్తే, "మాట్లాడకురా, లెక్క తప్పుతుంది" అని మొట్టికాయ వేసేది. డెబ్భై రెండో వంద దగ్గర అమ్మ వచ్చి, ఇంటికి చుట్టాలొచ్చారని అక్కని లాక్కెళ్ళింది. "మిగతా పద్దెనిమిదీ నువ్వు వేసెయ్, లెక్క పెట్టుకుంటూ" అని చెప్పి వెళ్ళింది.

అప్పుడే బయట స్నేహితులు బంతాటకి కేకేశారు. పదహారేళ్ళ వయసు. ఒక్క చుట్టు కూడా వెయ్యలేదు. తీగ కత్తిరించి, దారం కట్టి, ఖాళీ కనపడకుండా పైన నల్ల టేపు చుట్టేసి, గోడ మీద పద్దెనిమిది గీతలు గబగబా గీసేసి పరిగెత్తాడు.

అక్క వాయించి చూసి పెదవి విరిచింది. "బానే ఉంది కానీ దీనికి ఒంట్లో బలం లేదు రా. తొంభై వేశావా నిజంగా?"

"వేశానే."

"ఒట్టు?"

"నీమీద ఒట్టు" అన్నాడు, ఆమె నెత్తిన చెయ్యి పెట్టి.

నాలుగు నెలలకి బ్యాండు వ్యాను, వానలో, పట్టపగలే, వంతెన రెయిలింగు విరుచుకుని కాలవలో పడింది. ముగ్గురు మగపిల్లలూ బయటపడ్డారు. అక్క మూడో రోజు దొరికింది. బేస్ ఏమైందో ఎవరూ అడగలేదు. ఇంట్లో ఆ తర్వాత ఆమె మాట ఎత్తడం మానేశారు. ఎత్తితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకునేది. మెల్లగా అందరికీ అదే అలవాటైంది. చుట్టలాయనకి పెళ్ళయ్యాక భార్యకి కూడా, నాకో అక్క ఉండేది, చిన్నప్పుడే పోయింది అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు. ఒట్టు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎన్ని వేల మోటార్లు చుట్టాడో, ఏ ఒక్కదాంట్లోనూ ఒక్క చుట్టు తక్కువ వెయ్యలేదు. షాపుకి పేరు అలా వచ్చింది.

తర్వాతి ఆదివారం నలుగురూ చేరారు. టీచర్ నోటు పుస్తకం తెచ్చుకుంది. కబుర్లేమీ లేవు. మబ్బు పట్టి షాపులో లైటు వేసుకోవాల్సి వచ్చింది. యాంప్ ఆన్ చేశారు.

అరవై ఆరు. గీత. అరవై ఏడు. గీత. వందకీ వందకీ మధ్య ఆ గొంతు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. లిఫ్టు మెకానిక్ ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

డెబ్భై రెండు. గీత.

చుట్టలాయన కుర్చీ అంచు పట్టుకున్నాడు. ఇక్కడ ఆగాలి. ఇక్కడ అమ్మ వచ్చింది. ఇక్కడ అక్క లేచి వెళ్ళిపోయింది. దీని తర్వాత లెక్కే లేదు.

యాంప్‌లో కాసేపు ఉత్త గుర్రు. తర్వాత, "ఒకటి" అంది గొంతు. "రెండు. మూడు."

ఈసారి ముందులా లేదు. హుషారు లేదు. పని ఎవరూ చెయ్యకపోతే ఇక తప్పదని తనే కూర్చున్న మనిషిలా, ఒక్కో అంకెనీ మోసుకొచ్చి పెడుతున్నట్టుంది.

చుట్టలాయన లేచి ఆ బేస్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పికప్ దగ్గర నోరు పెట్టి, "అక్కా" అన్నాడు. ఆయన మాట ఆయనకే యాంప్‌లోంచి పెద్దగా తిరిగొచ్చింది. "అక్కా, నేను వెయ్యలేదే. అబద్ధం చెప్పాను."

లెక్క ఆగింది.

"మాట్లాడకురా" అంది గొంతు. "లెక్క తప్పుతుంది." మళ్ళీ మొదలుపెట్టింది. "ముప్ఫై ఒకటి. ముప్ఫై రెండు."

పళ్ళ డాక్టరు ప్లగ్గు పీకేశాడు. టీచర్ చుట్టలాయన్ని లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టింది. అప్పుడు చెప్పాడాయన, నలభై రెండేళ్ళ తర్వాత మొదటిసారి, మొత్తం. బంతాట దగ్గర్నుంచి ఒట్టు దాకా.

"మైనంలో ముంచెయ్యి అన్నా. ఆవిడకీ విశ్రాంతి, నీకూ విశ్రాంతి" అన్నాడు లిఫ్టు మెకానిక్.

"అలా నోరు నొక్కేస్తారా?" టీచర్ కోపంగా అంది. "ఉండనివ్వండి. తొంభై అయ్యాక చూద్దాం."

డాక్టరు మాత్రం, "మీ ఇష్టం అంకుల్. ఇది మీదే" అన్నాడు.

చుట్టలాయన తల అడ్డంగా ఊపాడు. "తొంభై దాకా ఆవిడ చేత వేయించమంటారా? అది నా పని. పద్దెనిమిదీ నావి."

గురువారం పొద్దున షాపు తెరవలేదు. మేనమామ నాటి మిషన్ని దుమ్ము తుడిచి బల్లకి బిగించాడు. కొత్త మిషన్‌కి కౌంటరుంది, కరెంటుతో తిరుగుతుంది. కానీ అంత సన్నతీగ దాని వేగానికి తెగిపోతుంది. నల్ల టేపు విప్పాడు. తీగ చుట్టే బాబిన్‌లో అయిదో వంతు ఖాళీ అలాగే ఉంది. తన పదహారో ఏడు అక్కడ నోరు తెరుచుకుని చూస్తున్నట్టనిపించింది. పాత తీగ కొస పట్టుకుని కొత్త తీగని అతికాడు. కళ్ళజోడు మీద ఇంకో అద్దం పెట్టుకుని, మూడోసారికి గానీ కుదరలేదు. బేస్ ఒళ్ళు గోనెపట్టా మీద వేరేగా పడుంది. యాంప్ లిఫ్టు మెకానిక్ ఇంట్లో ఉంది. ఆ పికప్ అప్పుడు దేనికీ తగిలించి లేదు. ఇది గట్టిగా చెప్పుకోవాల్సిన సంగతి.

"ఒకటి" అన్నాడు, తిప్పుతూ. "రెండు."

డెబ్భై మూడు, డెబ్భై నాలుగు ఒంటరిగానే అయ్యాయి. వంద వందకీ గోడ మీద గీత గీశాడు. డెబ్భై అయిదులో ఉండగా, తను "నలభై" అనబోయే ముందే ఎవరో "నలభై" అన్నట్టనిపించింది. చెవిలో కాదు. తీగ పట్టుకున్న వేళ్ళకి తెలిసింది. తర్వాత ప్రతి అంకే అంతే, ఆయన పెదవి కదిలేలోపే వచ్చేస్తోంది. తల తిప్పితే తీగ తెగుతుంది. తిప్పలేదు. పక్కన స్టూలుందో లేదో కూడా చూడలేదు. మెడ మీద చన్నీళ్ళు జారినట్టుంది. అయినా చెయ్యి ఆగలేదు.

ఎనభై ఆరు దాటాక కళ్ళు నీళ్ళతో నిండిపోయి ఆయనకి లెక్క తప్పింది. నోరు మూసుకున్నాడు. లెక్క మాత్రం నడుస్తూనే ఉంది. అది ఎలా నడిపిస్తే అలా తిప్పాడు. ఒకచోట ఆగింది. ఆయనా ఆగాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడై భార్య ట్రేతో దిగింది. ట్రేలో రెండు గ్లాసులు టీ.

"వెళ్ళిపోయిందా?" అంది చుట్టూ చూసి.

"ఎవరు?"

"ఎవరో ఆడమనిషి మీతో కలిసి లెక్కపెడుతోంది కదా పొద్దున్నుంచీ. టీచర్ గారేమో అనుకున్నాను. షట్టరేమో వేసే ఉంది."

ఆయన మిషన్ పిడి మీంచి చెయ్యి తీశాడు. "రేడియో" అన్నాడు చివరికి. ఆవిడ ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, ట్రే బల్ల మీద పెట్టి పైకి వెళ్ళిపోయింది. ఆయన ఒక గ్లాసు తాగాడు. రెండోది చల్లారిపోయింది.

తూకం, మీటరు అన్నీ చూసుకున్నాడు. మీటరు ముల్లు ఎంత చూపించాలో అంతే చూపించింది. తెల్ల దారం కట్టాడు. టేపు మాత్రం వెయ్యలేదు.

ఆదివారం యాంప్ వచ్చింది. ప్లగ్గు పెట్టి, నలుగురూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సన్నటి గుర్రు. అంతే. పది నిమిషాలు విన్నారు. ఎవరూ లేరు. పళ్ళ డాక్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. చుట్టలాయన పీల్చుకోలేకపోయాడు. నోరు నొక్కవద్దన్న టీచర్‌కి అది అర్థమై తల దించుకుంది. పూర్తిచేస్తే అక్క ఇక ఉండదని చుట్టలాయనకి ముందే తోచింది. తెలిసి తెలిసీ చేసుకున్నాడు.

డాక్టరు మొదటి తీగ మీటాడు. ఆ శబ్దం చెవికంటే ముందు రొమ్ముకి తగిలింది. అరలో స్క్రూల డబ్బాలు జలజలమన్నాయి. "ఓరి నాయనో" అన్నాడు లిఫ్టు మెకానిక్. "ఏం ఒళ్ళు! ఏం ఒళ్ళు!"

ఆ తర్వాత టీచర్ అడిగింది, మీ అక్క ఏ వేళ్ళతో వాయించేదని. రెండు వేళ్ళతోనా, మీటే ప్లాస్టిక్ ముక్కతోనా? నిలబడా, కూర్చునా? ఏ పాటలంటే ఇష్టం? డ్రమ్ములవాడితో పడేదా? చుట్టలాయన మొదట తడుముకున్నాడు. తర్వాత ఆగలేదు. బొటనవేలితో వాయించేదనీ, చెప్పులు విప్పేసి నిలబడేదనీ, గిటారువాడు ఎక్కువ ఎగిరితే తను తీగ ఆపేసి వాణ్ణి ఒంటరిని చేసి నవ్వేదనీ చెప్పాడు. వాళ్ళు పడీపడీ నవ్వారు. చీకటిపడే వేళకి, ఈ నలభై రెండేళ్ళలో ఆమె గురించి తనని ఒక్కరూ ఒక్క ప్రశ్నా అడగలేదని ఆయనకి తట్టింది.

డాక్టరు బేస్ వదిలి వెళ్తానంటే ఒప్పుకోలేదు. "వాయించేవాళ్ళ దగ్గరుండాలి. ఆదివారాలు తీసుకురండి చాలు" అన్నాడు.

పైకి వెళ్ళి భార్య పక్కన కూర్చున్నాడు. ఆవిడ కూరగాయలు తరుగుతోంది. "నీకు మీ వదిన గురించి ఎప్పుడూ సరిగా చెప్పలేదు" అన్నాడు. "పొడుగ్గా ఉండేది. గొంతు..."

"కొంచెం బొంగురు" అంది ఆవిడ, కత్తి ఆపకుండానే. "తొమ్మిది అన్నప్పుడల్లా సాగదీస్తుంది."

ఆవిడ కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"ఊఁ, చెప్పండి" అంది.